గోబర్ గ్యాస్‌లో పందుల పెంట కూడా కలిపాం: కాశీనగర్ దగ్గర మా ఇంటి అనుభవం

మాది ఒడిశాలోని గజపతి జిల్లా, కాశీనగర్ దగ్గర పల్లె. వంశధార దాటితే ఆంధ్రా. ఇంట్లో మాట్లాడేది తెలుగు, కాగితాలన్నీ ఒడియా. మాకు మూడు జెర్సీ ఆవులు, రెండు నాటు ఆవులు. పాలు పితికేదీ పేడ ఎత్తేదీ నేనే. మా మరిది 2022లో పొలం చివర సీమపందుల షెడ్డు వేశాడు. చిన్నా పెద్దా కలిపి పదీ పన్నెండు ఉంటాయి. ఈ రెండు సాలల పెంటతో గోబర్ గ్యాస్ కట్టుకుని ఏడాది దాటింది. కట్టుకుందామని వచ్చి చూసేవాళ్లు ముందు అడిగేది సబ్సిడీ ఎంతొచ్చిందని. నేను తిరిగి అడిగేది, మీ ఇంట్లో రోజూ పొద్దున్నే పేడ ఎవరు కలుపుతారని. దానికి ఒక పేరు చెప్పలేకపోతే కట్టొద్దంటాను. మా ఊళ్లోనే పాతకాలం ప్లాంట్లు రెండున్నాయి. ఒకదాని గుమ్మటం మీద పిడకలు ఆరేస్తారు. ఇంకోదాని గుంటలో కోళ్లు పడుకుంటాయి.

మమ్మల్ని దీంట్లోకి దించింది కంపు. పందుల షెడ్డు కడిగిన నీళ్లు కాలవలో కలిసి కింద మడుల్లోకి పోయేవి. 2023 ఊడుపుల్లో కింది రైతు ఇంటికే వచ్చేశాడు. “ఏటి బాబూ, మీ పందుల నీళ్లలో మా ఆడోళ్లు దిగనంటన్నారు, నానేటి సెప్పను?” అన్నాడు. మరిదికి షెడ్డు మూసుకోవడమా, పెంటకి దారి చూపించడమా అన్న పరిస్థితి. పర్లాకిమిడిలో ఎవరో చెబితే గోబర్ గ్యాస్ సంగతి తెలుసుకొచ్చాడు. “వదినా, నీ ఆవుల పేడ కూడా కలిస్తే చాలట” అన్నాడు. నాకు అప్పుడే అనుమానమొచ్చింది, కలిపే పని నా మీదే పడుతుందని. పడింది.

2024 ఫిబ్రవరిలో దరఖాస్తు పెట్టాం. ఆధార్, బ్యాంకు పుస్తకం, స్థలం కాగితం, పశువుల లెక్క అడిగారు. రోజుకి రెండు నుంచి నాలుగు ఘనమీటర్ల గ్యాసిచ్చే ప్లాంటుకి మాలాంటి జనరల్ వాళ్లకి అప్పట్లో కేంద్రం ఇచ్చింది 14,350 రూపాయలు. ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకి ఇంకా ఎక్కువ. మరుగుదొడ్డి కూడా ప్లాంటుకి కలిపితే పైన కొంత ఇచ్చేవారట. దరఖాస్తులో ఆ గడి దగ్గర మరిది పెన్ను ఆపి మా అత్త వైపు చూశాడు. ఆవిడ లేచి లోపలికెళ్లిపోయింది. ఆ గడి ఖాళీగానే పోయింది.

మార్చి మధ్యలో ఎన్నికల కోడ్ వచ్చి ఫైలు ఆగింది. మా దగ్గర పోలింగ్ మే 13న, లెక్కింపు జూన్ 4న. అప్పటిదాకా ఆగితే వానలు పడిపోతాయి. వంశధార ఒడ్డున వాన పడ్డాక ఆరడుగులు తవ్వితే గుంటలో నీళ్లు ఊరతాయి. గుమ్మటం రకం ప్లాంటు మొత్తం భూమిలోనే ఉంటుంది కాబట్టి ఎండల్లోనే కట్టి తీరాలి. ఆఫీసులో అడిగితే “తవ్వుకోండి, చూద్దాం” అన్నారు. ఆ ‘చూద్దాం’ మీద యాభై వేల పైన పెట్టడానికి ఇంట్లో రెండు వారాలు మాటలు నడిచాయి. చివరికి ఒక దూడని అమ్మి మొదలుపెట్టాం.

సైజు దగ్గర ఎక్కువమంది తప్పుదారి పట్టేది పశువుల్ని లెక్కపెట్టి, పేడని లెక్కపెట్టకపోవడంతో. ఒక ఘనమీటరు గ్యాసుకి రోజుకి పాతిక కిలోల పేడ కావాలి. జెర్సీ ఆవు కట్టేసి ఉంటుంది కాబట్టి దాని పదిహేను కిలోలూ దొరుకుతాయి. నాటు ఆవులు మేతకెళ్తాయి, వాటి పేడ సగం దారిలోనే. పందులవి అన్నీ కలిపి పాతిక కిలోలు. మొత్తం ఎనభై దాకా తేలింది. మూడు ఘనమీటర్ల దీనబంధు రకం (భూమిలో కట్టే ఇటుక గుమ్మటానికి ఆ పేరు) చాలన్నాడు మేస్త్రి. నాలుగు కడితే గొప్పగా ఉంటుందని మరిది. గొప్పకి పేడ ఎవరు వేస్తారని నేను.

చోటు విషయంలోనూ వాదన జరిగింది. సాల పక్కన చింతచెట్టు కింద చల్లగా ఉంటుందని మా ఆయన ఫోన్లో చెప్పారు (ఆయన చెన్నైలో పని చేస్తారు, సలహాలు అక్కడి నుంచి వస్తాయి). మేస్త్రి ససేమిరా అన్నాడు. ప్లాంటుకి ఎండ కావాలి, చలి పడితే లోపలి పని మందగిస్తుంది. పైగా వేళ్లు ఇటుకల్లోకి దూరతాయి. బావికి యాభై అడుగుల దూరం వదిలి, సాలకీ వంటింటికీ మధ్య మెరకలో గుర్తు పెట్టాం.

ఏప్రిల్ చివర తవ్వకం. పదకొండు అడుగుల వెడల్పు, ఏడడుగుల లోతు. నలుగురు కూలీలు మూడు రోజుల్లో దించేశారు. అసలు ఎదురుచూపు మేస్త్రి కోసం. ఇల్లు కట్టే మేస్త్రీలు ఇది కట్టలేరు. ఈ పని వచ్చినవాడు గుణుపూర్ వైపు ఒక్కడే దొరికాడు, అతనికి పెళ్లిళ్ల సీజను. ఇరవై రోజుల దాకా గుంట నోరు తెరుచుకుని ఉంది. పిల్లలు, దూడలు పడతాయని చుట్టూ ముళ్లకంప వేసి కాపలా కాశాను.

అతను వచ్చాక మాత్రం ఆ పని చూడాల్సిందే. గుమ్మటానికి కింద చెక్కలు, సెంట్రింగు ఏమీ లేవు. గుంట నడిమధ్య ఒక మేకు దిగ్గొట్టి, దానికి దారం కట్టి, ప్రతి ఇటుకకీ దారం లాగి కొలత చూస్తాడు. పైకి వచ్చేకొద్దీ ఇటుక లోపలికి వాలుతుంది కదా, పడిపోకుండా దానికో ఇనుప కొక్కెం తగిలించి, వెనక్కి ఇంకో ఇటుకని బరువుగా వేలాడదీస్తాడు. సిమెంటు పట్టాక కొక్కెం తీసి పక్క ఇటుకకి. అలా వరస తర్వాత వరస చుట్టూ తిరుగుతూ నెత్తిన మూసేశాడు. లోపలి వైపు మూడు నాలుగు పూతలు, ఆఖరికి రంగు. గ్యాసు నిలిచేది ఆ పూతల వల్లే, ఇటుకల వల్ల కాదని పదే పదే చెప్పాడు. మే నెలాఖరు దాకా రోజూ రెండు పూటలా తడిపాం. ఆ ఎండల్లో బావిలో నీళ్లే అడుగంటాయి.

జూన్ మొదటి వారంలో నింపడం. మొదటిసారి నింపడానికి మూడు టన్నుల పేడ కావాలి, అంతే బరువు నీళ్లు. ఈ సంగతి మాకు ముందు ఎవరూ గట్టిగా చెప్పలేదు. మా సాలలో నెలకి పైగా పోగుపెట్టినా చాల్లేదు. పాత పేడ ఎండి పెళుసైపోతే పనికిరాదు, పచ్చిగా ఉండాలి. ఊళ్లో నాలుగు ఇళ్ల నుంచి తట్టలతో అడుక్కుని, మిగతాది కాశీనగర్ నుంచి ట్రాక్టరు మీద తెప్పించాం. పేడకి డబ్బు తీసుకోలేదు, ట్రాక్టరు బాడుగ, ఎత్తుకూలి కలిపి 2,400 అయింది. నడుస్తున్న ప్లాంటు నుంచి నాలుగు డ్రమ్ముల స్లర్రీ (లోపల పులిసి బయటికొచ్చే పేడనీళ్లు) తెచ్చి పోస్తే త్వరగా అందుకుంటుందని మేస్త్రి చెప్పాడు. పెరుగు తోడు వేసినట్టే ఇదీ. తోడు కోసం మరిది భామిని వైపు వెళ్లి, ఆటోలో తెచ్చేసరికి ఆటోవాడు మళ్లీ మా గుమ్మం తొక్కనన్నాడు.

మొదటి నింపుడుకి పందుల పెంట వేయొద్దన్నాడు మేస్త్రి. గ్యాసు చేసే క్రిములు ఆవు పొట్టలో దండిగా ఉంటాయి, పేడతో పాటే దిగుతాయి. పంది పెంటతో మొదలుపెడితే పులిసిపోయి రోజుల తరబడి మొండికేస్తుందట. ఆ మాట విని మా అత్త మొహం కాస్త వెలిగింది.

తర్వాత ఎదురుచూపు. రెండో వారంలో, బయటికి వచ్చే వైపున్న ఔట్‌లెట్ గుంటలో స్లర్రీ మట్టం కొద్దిగా లేచింది. అంటే లోపల గ్యాసు కూడి కిందికి నొక్కుతోందన్నమాట. పొయ్యి వెలిగిస్తే అగ్గిపుల్ల ఆరిపోయింది. మొదటి గ్యాసులో గాలి, బొగ్గుపులుసు వాయువే ఎక్కువ, మండదు. దాన్ని వదిలేయాలి. వదిలితే కుళ్లిన కోడిగుడ్డు వాసన ఇల్లంతా. పక్కింటావిడ వచ్చి “ఏటమ్మా, ఎలకేటైనా సచ్చిందా” అని అడిగింది. ఇంకో వారం చూసి మళ్లీ వెలిగిస్తే భగ్గుమని ఎర్రగా లేచి ఆరింది. ఈ దశలో టెన్షన్ పడి ప్లాంటు దగ్గరే పైపు మూతికి అగ్గిపుల్ల పెట్టి చూసేవాళ్లుంటారు. చచ్చినా ఆ పని చేయొద్దు, మంట వెనక్కి గుమ్మటంలోకి పోతే పేలుతుంది. వెలిగించి చూడాల్సింది వంటింట్లో పొయ్యి దగ్గరే.

జూలై మొదటి వారంలో ఒక సాయంత్రం నీలం మంట నిలిచింది. గంటన్నర మండింది. ముందు టీ, తర్వాత గంజి, తర్వాత ఏమీ లేకపోయినా ఉత్త నీళ్లు మరగబెట్టాను. మా ఆయనకి వీడియో కాల్ చేస్తే “కొంచెం ఎరుపు కనిపిస్తోందే” అన్నారు. పెట్టేశాను.

పొయ్యి గురించి ఒక మాట. సిలిండరు పొయ్యికి ఈ పైపు తగిలిస్తే మండదు. ఈ గ్యాసు ఒత్తిడి తక్కువ, కన్నాలు పెద్దవి కావాలి. గోబర్ గ్యాస్ పొయ్యి వేరే కొనాలి, ఒకే బర్నరుది మాకు రెండు వేలకి దగ్గరపడింది. నెల తిరక్కుండా దాని కుళాయి నల్లబడింది. గుడ్డు వాసన వచ్చే ఆ వాయువే ఇత్తడిని తినేస్తుంది. లేత్ వర్క్‌షాపు నుంచి తుప్పు పట్టిన ఇనుప రజను తెచ్చి, పెద్ద పైపు ముక్కలో కూరి, లైను మధ్యలో పెట్టాడు మరిది. వాసన చాలా తగ్గింది. ఆ రజనుని కొన్నాళ్లకోసారి తీసి గాలికి ఆరబెట్టి మళ్లీ వాడుకోవచ్చు, ఆరబెట్టేటప్పుడు వేడెక్కుతుంది కాబట్టి గడ్డివాముకి దూరంగా.

ఆగస్టులో పందుల వంతు. రోజుకో రెండు బక్కెట్లతో మొదలుపెట్టి, నెల పట్టి పూర్తిగా కలిపాం. కిలో ఆవు పేడకి నలభై లీటర్ల దాకా గ్యాసు వస్తే, పంది పెంటకి యాభై, అరవై వస్తుందంటారు. మాకు తేడా తెలిసింది, పొద్దున గంట మండేది గంటన్నర మండింది. అయితే పంది పెంట పేడలా లొంగదు. షెడ్డు పైపుతో కడిగితే నీళ్లే ఎక్కువై లోపల పలచబడిపోతుంది, గ్యాసు పడిపోతుంది. అందుకని ముందు పారతో గీకి ఎత్తాలి, కడగడం తర్వాత, ఆ కడుగు నీళ్లనే పేడ కలపడానికి వాడాలి. అలా నీళ్ల ఖర్చు కూడా తగ్గింది. షెడ్డులో పరిచిన ఊక వస్తే పైకి తేలి అట్ట కడుతుంది. హోటల్ ఎంగిలి మేపుతారు కాబట్టి ఎముకలు, చాక్లెట్ కాగితాలు, ఒకసారి ఏకంగా స్పూను. షెడ్డు నుంచి వచ్చే కాలవలో ఇనుప జల్లెడ పెట్టించాం, కాలవకీ దానికీ ఆరు వేలు. ఫినాయిలు, బ్లీచింగు షెడ్డులో పూర్తిగా మానేశాం, లోపలి క్రిములు చచ్చిపోతాయి. ఒక ఈనిన పందికి జ్వరమొస్తే డాక్టరు ఇంజక్షన్లు చేశారు. దాని పెంట రెండు వారాలు విడిగా గుంట తీసి పూడ్చాం.

కలపడం ఎలా ఉంటుందంటే, ఇన్‌లెట్ తొట్టిలో పేడ వేసి, సమానంగా నీళ్లు పోసి, చేత్తోనే ఉండలు చిదపాలి. కర్రతో తిప్పితే ఉండలు ఉండిపోతాయి. గడ్డి పరకలు ఏరెయ్యాలి. మజ్జిగ చిక్కదనం రాగానే అడుగున బిరడా లాగితే గుడగుడమని లోపలికి దిగుతుంది. అరగంట పని. వర్షంలో గొడుగు పట్టేవాళ్లు ఉండరు. చలికాలం పొద్దున చేతులు కొంకర్లు పోతాయి. పందుల పెంటకి మాత్రం మోచేతిదాకా వచ్చే రబ్బరు తొడుగులు తెచ్చుకున్నాను, అది మరిదితో పెట్టుకున్న షరతు. ఆదివారాలు అతనే కలపాలి అన్నది రెండో షరతు. మొదటిది నిలబడింది.

మా అత్త సంగతి. ఆవు పేడ ఒక్కటే ఉన్నన్నాళ్లు ఆవిడకి అభ్యంతరం లేదు. పంది పెంట కలిపిన రోజు రాత్రి “ఒలే, ఆ మంట మీద వండిన కూడు నాను ముట్టను” అని చెప్పి, వసారాలో కట్టెల పొయ్యి వేసుకుంది. నేను వాదించలేదు. ఆవిడ గిన్నెలు వేరు, పొయ్యి వేరు. ఊళ్లో కూడా మా ఇంట్లో టీ తాగడానికి కొందరు వెనకాడారు, అది మొహం మీద చెప్పకుండా ‘ఇప్పుడే తాగొచ్చాం’ అనేవారు. సెప్టెంబరులో వారం రోజులు ముసురు పట్టింది. కట్టెలు తడిసి పొగే తప్ప మంట లేదు, ఆవిడకి దగ్గు. నాలుగో రోజు వంటింట్లోకి వచ్చి తనే గిన్నె పెట్టి టీ కాచుకుంది. టీకి దోషం లేదంది. తర్వాత పప్పుకీ లేదు. అన్నం మాత్రం ఇప్పటికీ కట్టెల మీదే, కార్తీక మాసమంతా ఆ పొయ్యి వైపే రాదు, నైవేద్యం మాట సరేసరి. మంచిదే అనుకుంటున్నాను ఇప్పుడు, ఎందుకంటే గ్యాసుకి పోటీ పెరిగింది.

ఆ పోటీ మరిదితో. పందులకి పెట్టే హోటల్ ఎంగిలి ఉడకబెట్టి తీరాలి. 2020లో అస్సాంలో ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ బయటపడ్డప్పటి నుంచి పశువైద్యులు ఈ మాట గట్టిగా చెబుతున్నారు, దానికి మందు లేదు, షెడ్డుకి షెడ్డు తుడిచిపెట్టేస్తుంది. ఇదివరకు కట్టెలతో ఉడికించేవాడు. ఇప్పుడు షెడ్డుకి కూడా ఒక లైను లాగేశాడు. సాయంత్రం నేను కూర పెట్టేవేళకి అక్కడ పెద్ద డేగిశా ఎక్కుతుంది, ఇక్కడ మంట కుంగుతుంది. మా ఇద్దరికీ జరిగిన గొడవల్లో ఎక్కువ దీనిమీదే. చివరికి ఆ లైనుకి వాల్వు బిగించాం, సాయంత్రం నా వంట అయ్యాకే తెరవాలి.

మధ్యలో వచ్చిన రెండు రిపేర్లు చెబుతాను. అక్టోబరులో ఉన్నట్టుండి గ్యాసు సగమైంది. మేస్త్రికి ఫోన్ చేస్తే సబ్బునీళ్లు పట్టుకుని లైనంతా తిరగమన్నాడు. గుమ్మటం మీది మెయిన్ వాల్వు దగ్గర బుడగలు వచ్చాయి, ప్లంబరు టేపు సరిగా చుట్టలేదు. పది రూపాయల టేపుతో పోయింది. జనవరిలో మంట దీపంలా ఊగడం మొదలైంది, పైపులో గుడగుడ చప్పుడు. గ్యాసుతో పాటు వచ్చే తేమ పైపు పల్లంలో నీళ్లై నిలిచింది. అక్కడ ఉన్న చిన్న కుళాయి తిప్పితే చెంబుడు నీళ్లు వచ్చాయి. చలికాలం వారానికోసారి తిప్పాలి.

చలికాలం గ్యాసు బాగా తగ్గుతుంది, ఇది ముందే తెలిసుంటే మంచిది. డిసెంబరు, జనవరిలో రెండు పూటల వంట సాగలేదు, సిలిండరు బయటికి తీశాం. గుమ్మటం మీద గడ్డి కప్పి, ఎండలో పెట్టిన నీళ్లతో పేడ కలిపితే కొంత నయం. ఎండాకాలంలో దాని బాకీ తీర్చేసింది, ఏప్రిల్‌లో గ్యాసు మిగిలిపోయేది.

ఖర్చు చెబుతాను. ఇటుకలకి 11 వేలు, సిమెంటుకి 8 వేల పైన, ఇసుక పిక్కకి 5 వేలు, తవ్వకానికి 6 వేలు, మేస్త్రికీ అతని మనుషులకీ 12 వేలు, పైపులు, వాల్వులు, రంగు, పొయ్యి కలిపి ఏడున్నర వేలు. పైన చెప్పిన ట్రాక్టరు, పందుల కాలవ కలిపితే 58 వేలకి దగ్గరపడింది. సబ్సిడీ 2025 మార్చిలో బ్యాంకులో పడింది, దరఖాస్తు పెట్టిన ఏడాదికి. మధ్యలో ఒకాయన వచ్చి ప్లాంటు పక్కన నన్ను నిలబెట్టి ఫోటో తీసుకున్నారు, అది సరిగా ఎక్కలేదని ఇంకోసారి వచ్చారు. రెండోసారి మంచి చీర కట్టుకున్నాను. సిలిండరు మాకు నెలకొకటి, ఎనిమిది వందల పైచిలుకు అయ్యేది. ఇప్పుడు ఏడాదికి నాలుగు వాడుతున్నాం. ఆ లెక్కన పెట్టుబడి తిరిగి రావడానికి ఆరేడేళ్లు. మరిదికి మిగిలే కట్టెలు, మాకు మిగిలే ఎరువు కలిపితే ఇంకా త్వరగా.

ఎరువు సంగతే నేను అనుకోనిది. ఔట్‌లెట్ నుంచి రోజూ నూట యాభై లీటర్లకి తక్కువ కాకుండా స్లర్రీ వస్తుంది, ఎంత లోపలికి పోస్తే అంత బయటికి. దాన్ని ఎక్కడ పెట్టాలో ముందే ఆలోచించుకోవాలి. మొదటి వానల్లో మా గుంట పొంగి పెరడంతా పారింది. కంపు మాత్రం లేదు, ఈగలు వాలవు. ఇప్పుడు రెండు గుంటలు తీసి, ఒకదాంట్లో ఎండు గడ్డి, ఆకులు వేసి దాని మీద స్లర్రీ పోస్తాం, నిండాక రెండోది. ఆ గత్తం మొక్కజొన్నకి వేస్తే యూరియా ఒక దఫా తగ్గించాం. కింది రైతు, ఆ ఊడుపుల గొడవకొచ్చినాయన, ఈ జూన్‌లో రెండు బళ్లు తోలుకెళ్లాడు. బండికి 300 తీసుకుంటున్నాం.

ఈ ఎండాకాలం ఒకసారి మూత తీసి ఔట్‌లెట్ వైపు పైన కట్టిన ఊక అట్టని పగలగొట్టించాం. మరిది ఇంకో నాలుగు ఈనే పందుల్ని తెస్తానంటున్నాడు. పెంట పెరుగుతుంది, ప్లాంటు పెరగదు. దానికి ఇంకో గుంట తవ్వుతాడో, ఆదివారాలు తనే కలుపుతాడో ముందు తేల్చమని చెప్పాను.